అగ్గిపెట్టె పని – రిజిస్టర్లో పేరు

మన ఏళాయిరంపన్నై వైపు వానలు తక్కువ. సేద్యం చాలక జనం అగ్గిపెట్టెల పనికి పోయినారు. 1920లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తాలో నేర్చుకొని శివకాశికి తెచ్చిన పని ఇది. ఎంత చేస్తే అంత కూలి. అది చాలక పిల్లలూ పోయేవాళ్ళు. 14 ఏళ్ళు నిండని పిల్లల్ని ఈ పనిలో పెట్టుకోరాదని 1986లో చట్టం వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు, చట్టం మీరిన యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు కట్టాలన్నది.

పెద్దవాళ్ళకు 1948 నాటి చట్టంతో మొదలైన ఈ.ఎస్.ఐ. ఉంది. జబ్బు చేస్తే వైద్యం, పనికి పోలేని రోజులకు కొంత డబ్బు, కాన్పుకు సాయం దొరుకుతాయి. అయితే పేరు నమోదై ఉండాల. ఇంట్లో కూర్చుని పెట్టెలు అతికించే అమ్మల పేర్లు చాలాసార్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. అందుకే చదువుకునే మనం ఇంట్లో అడగాల్సిన మాట ఒకటుంది: "నీ పేరు రాసుకున్నారా అమ్మా?"