సింగయభట్టు కాలువ, మా పెరటి తోట

ఉగాది వెళ్ళిన మర్నాడు పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, స్కేలూ పెన్సిలూ పెట్టుకుని మా పెరటికి ప్లాను గీస్తూ కూచున్నాను. మావారు కాఫీ గ్లాసుతో వచ్చి వంగి చూశారు.

"ఏమే, ఇంతా చేసి సెంటున్నర పెరడు. దానికి కాలువలు కూడానా? పెనుకొండ రాయలవారు కూడా ఇంత హంగామా చేసివుండరు!" అన్నారు.

ఎగతాళికి అన్నమాటే గానీ, పెనుకొండ రాయలవారు నిజంగానే చేశారండీ. 1388లో విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండేవాడు. కొండ ఉంది, కోట ఉంది, నీళ్ళే కరువు. ప్రాణులకు నీరే ప్రాణమని తలచి, నిండు సభలో సింగయభట్టు అనే జలసూత్ర పండితుణ్ణి పిలిచి, పెన్నానదిని పెనుకొండకు తీసుకురమ్మని ఆజ్ఞాపించాడట. ఆయన సిరువేర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి రాయలవారి పేరు పెట్టి, సంగతంతా శాసనంగా చెక్కించాడు. ఆ శాసనం మా హిందూపురానికి పొరుగునే, గౌరిబిదనూరు తాలూకాలో దొరికింది. అది కన్నడ శాసనం కనక అందులో మన పెన్న "హెన్నె" అయింది. మన పాలు వాళ్ళకు హాలు అయినట్టే!

ఆ సింగయభట్టుకు దశవిద్యా చక్రవర్తి అని బిరుదు కూడా ఉంది. నాకు బిరుదులేమీ లేవు గానీ, ఆయన దగ్గర ఒక పాఠం నేర్చుకున్నాను. తోట వెయ్యాలంటే ముందు మొక్క కాదు, నీళ్ళు చూసుకోవాలి. మనం నర్సరీకి పోయి, కంటికి నచ్చిన మొక్కలన్నీ ఆటోలో వేసుకొచ్చి, ఎండాకాలం రాగానే ట్యాంకరువాడి కోసం ఎదురుచూస్తాం. మా బోరు రెండేళ్ళుగా వేసవి వస్తే దగ్గడమే తప్ప నీళ్ళు పొయ్యడం లేదు.

అందుకని మొదట లెక్క కట్టాను. మా పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. చాలా తక్కువే. కానీ వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అంత వాన పడితే ఎన్ని నీళ్ళో తెలుసా? యాభై ఒక్క వేల లీటర్లు! ఆవిరికీ, మొదటి వానకు మురికి కడిగి పోయేదానికీ పదివేలు వదిలేసినా నలభై వేలు మిగులుతాయి. ఇన్నేళ్ళూ వాటిని గొట్టంలోంచి నేరుగా వీధి కాలువలోకి సాగనంపాం. ప్లానులో నేను గీసిన మొదటి గీత ఆ గొట్టానిదే. మిద్దె మీదినుంచి తొట్టిలోకి, తొట్టి నిండితే ఇంకుడుగుంటలోకి. అన్నట్టు, దానికి మావారి పేరు పెడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

ఇక మొక్కలు. ఇక్కడ కూడా చరిత్ర అడ్డం వచ్చింది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. అప్పటి వంటింటి పెరడు ఎలా ఉండేదా అని ఆలోచిస్తూ, ఇప్పుడు మనం వేసే మొక్కలు ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. టమాటా అమెరికా ఖండానిది. బొప్పాయి, జామ, సీతాఫలం అన్నీ అక్కడివే. ఆఖరికి మిరపకాయ కూడా! పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చి, మెల్లగా మన ఊళ్ళకు పాకింది. ఈనాడు మిరపకు, చింతపండుకు పెట్టింది పేరైన హిందూపురం మార్కెట్టులో నిలబడితే ఆ ఘాటుకు తుమ్ములు ఆగవు. ఆ మిరపే ఒకప్పుడు మనకు తెలియదంటే మా అత్తగారు నమ్మలేదు.

"మిరక్కాయ లేకుండా ఊరుబిండి ఎట్ల నూరినారమ్మాయీ?" అన్నారు.

"మిరియాలతో అత్తమ్మా" అన్నాను.

"అయ్యో, పాపం!" అన్నారావిడ, రాయల సంసారం మీద జాలిపడుతూ.

జాలిపడనక్కర్లేదు లెండి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, మామిడి, పనస, పోక, నిమ్మ, నారింజ చెట్లు అడవిలాగా అల్లుకుపోయిన తోటలను గురించి రాశాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించాడో వర్ణించాడు. వానాకాలం వరుగులు, వడియాలు. చలికాలం మిరియాల ఘాటు. ఎండాకాలం పల్చటి చారు, మజ్జిగ. చక్రవర్తికి వంటింటి పట్టిక ఇంత బాగా తెలుసంటే, మన మగవాళ్ళకు ఎందుకు తెలియదో!

నేను కూడా ప్లానును కాలాల ప్రకారమే గీశాను. వానలకు బీర, సొర, అనపకాయ. కోస్తా చెల్లెళ్ళు పొరబడేరు సుమా, మీ ఆనపకాయ మా సొరకాయ. మా అనపకాయ చిక్కుడు జాతిది, పితికిపప్పు చేసుకునేది. చలికాలానికి మెంతాకు, కొత్తిమీర. ఏడాది పొడుగునా కరివేపాకు, మునగ, నిమ్మ. స్నానాల గది నీళ్ళు వెళ్ళే మూల అరటి. ధర్మవరంలో మా చెల్లెలిది మగ్గాల వీధిలో ఇల్లు, పెరడే లేదు. మిద్దె మీద పాత బకెట్లలో తోటకూర, పుదీనా పెంచుతోంది. ఓ పెద్ద కుండీలో మల్బరీ కూడా పెట్టింది. "పురుగులకు ఆకు, పిల్లలకు పండు, చీరకు నేసే పట్టంతా దీన్నుంచి వచ్చిందే కదక్కా" అంటుంది.

మందుమొక్కల దగ్గరికి వచ్చేసరికి నా పెన్సిలు ఆగిపోయింది. కారణం చెప్తాను.

మనిషి మందుకోసం తోట వెయ్యడం కొత్త కాదు. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయం 1545లోనే వైద్య విద్యార్థుల కోసం మూలికల తోట వేసింది. తళ్ళికోటకు రెండేళ్ళ ముందు, 1563లో, గోవాలో గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు మన దేశపు మందుమొక్కల మీద పుస్తకం అచ్చువేయించాడు. తర్వాత 1781లో మన సామర్లకోటకు వచ్చిన డాక్టరు రాక్స్‌బర్గ్ మొక్కలు బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మొక్కను పోల్చుకోవడం, పేరు సరిచూసుకోవడం, గుణం పరీక్షించడం వీళ్ళందరూ చేసిన పని.

నేను చేసింది వేరు. రెండేళ్ళ కిందట ఇలాగే ఉత్సాహంగా తులసి, వాము ఆకు, కలబంద, తిప్పతీగ ఇరవై కుండీల్లో పెట్టాను. నేల పాడవకుండా కుండీల కింద పళ్ళాలు పెట్టాను. ఆ వానల్లో మనవడికి జ్వరం వచ్చింది. తులసి కషాయం ఇచ్చాను, తిప్పతీగ కషాయం ఇచ్చాను. రెండు రోజులు అలా గడిపాను. మూడోనాడు వాడు కళ్ళు తెరవలేకపోతే ఆసుపత్రికి పరుగెత్తాం. డెంగీ అన్నారు. ఆ ఐదు రోజులూ నేను ఎట్లా ఉన్నానో రాయలేను. పిల్లవాడు బతికి బట్టకట్టాడు, అంతే చాలు.

ఇంటికి వచ్చాక మా అత్తగారు కర్ర ఊతతో పెరట్లోకి నడిచి, ఒక పళ్ళెం వైపు చూపించారు. "ఈ నీళ్ళు ఏంటికి నిలబెట్టినావమ్మాయీ? చూడు, పురుగులు ఆడతాండాయి" అన్నారు.

డెంగీ తెచ్చే దోమ మురిక్కాలువలో కాదు, ఇలాంటి తేటనీళ్ళలోనే పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ దోమ నా పళ్ళెంలోదో కాదో ఎవరూ చెప్పలేరు. కానీ నాకు మాత్రం అప్పటినుంచి ఆ అనుమానం వదల్లేదు. మీరూ ఒక్కసారి మీ కుండీల కింద చూసుకోండి.

అందుకని ఈసారి ప్లానులో కుండీల కింద పళ్ళాలు లేవు. వాన తొట్టికి మూత, దోమ దూరని సన్నటి వల. మందుమొక్కల మడి చిన్నది: జలుబుకు తులసి, అజీర్ణానికి వాము ఆకు, కాలిన చోటుకు ముందు చన్నీళ్ళు, తర్వాతే కలబంద. తిప్పతీగను తీసేశాను. 2021లో ముంబయి వైద్యులు అది వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సంగతి ప్రచురించారు. ఆయుష్ శాఖ అది ఒప్పుకోలేదు. పెద్దలు వాదించుకునేది పిల్లలకు పోయడమెందుకని నా ఉద్దేశం. గన్నేరును కూడా గుడికి దానం చేశాను. పువ్వు అందమే గానీ చెట్టంతా విషం, పిల్లలు తిరిగే పెరట్లో కూరాకు పక్కన ఉండదగింది కాదు. ఇక జ్వరం వచ్చిందా, అది మడిలోది కాదు, డాక్టరుది.

ఇప్పుడు ఒకటే చిక్కు. మా అబ్బాయి బెంగుళూరునుంచి ఫోను చేసి, "అమ్మా, ఆ పెరడు సిమెంటు చేయించు, వచ్చినప్పుడు కారు పెట్టుకుంటాను" అన్నాడు. క్యాలెండరు మీద ప్లాను చూపించమని మావారు సైగ చేశారు. నేను చెప్పబోతుండగా మా అత్తగారు ఫోను అందుకున్నారు.

"నాయనా, కారు వీధిలో కూడా నిలబడుతుంది. అనపకాయ నిలబడదు" అన్నారు.

తొలకరికి గొట్టం బిగించేవాణ్ణి రమ్మన్నాం.