గొల్లభామ నుండి పొడుగు చేతుల చొక్కా వరకు: ఉమ్మడి మెదక్ జిల్లాలో స్త్రీ శ్రమ – వస్త్రసాక్ష్యం

కీలకపదాలు: గొల్లభామ చీర, పటాన్‌చెరు, కర్మాగారాల చట్టం, శ్రామిక స్త్రీ, వస్త్రధారణ.

ఉపోద్ఘాతం:
సమాజంలో స్త్రీ స్థానం మారిన తీరును గ్రహించడానికి చట్టాలు, జనాభా లెక్కలతో పాటు చిత్రకళ, వస్త్రధారణ కూడా ఆధారాలే. అయితే ఈ రెండూ ఒకే విషయాన్ని చెప్పవు. కళ దేనిని అందంగా భావించిందో చిత్రం చెబుతుంది. పని దేనిని కోరిందో వస్త్రం చెబుతుంది. 2016లో జిల్లాల పునర్విభజనకు ముందు సిద్దిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతంలో ఆ రెండు సాక్ష్యాల మధ్య ఏర్పడిన ఎడాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కళలో శ్రామిక స్త్రీ:
సిద్దిపేట నేతకారులు అదనపు పేకతో చీరపై నేసే గొల్లభామ, తలపై కుండతో నడిచే స్త్రీ. పాలు, పెరుగు అమ్ముకొనే స్త్రీ రూపమే ఇతర స్త్రీలు ధరించే అలంకారమైంది. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ చీరలో ఆమె శ్రమ కనిపిస్తుంది, అలసట కనిపించదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్, కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం (జననం 1942) తెలంగాణ పల్లె స్త్రీకి ఆధునిక చిత్రకళలో ప్రముఖ స్థానం కల్పించారు. వైకుంఠం చిత్రాల్లోని పెద్ద కుంకుమబొట్టు, ముదురు రంగుల చీర, నగలు ఆమెకు నిండుదనాన్నిచ్చాయి. అదే కాలంలో జిల్లాలో పని స్వరూపం మారుతూ వచ్చింది.

చట్టం దృష్టిలో వస్త్రం:
రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడ్డాయి. పిదప మందులు, రసాయనాల పరిశ్రమలు విస్తరించాయి. వీటికి వర్తించిన 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించవలసినవాడు ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు ధరించిన, శిక్షణ పొందిన వయోజన పురుషుడు. ఆ దుస్తులను యాజమాన్యమే సమకూర్చాలి. కదిలే యంత్రభాగాలను శుభ్రపరచడం, నూనె వేయడం వంటి పనుల నుండి స్త్రీలను చట్టం మినహాయించింది. ప్రమాదానికి దుస్తుల మార్పు ఒక పరిష్కారమని గుర్తించిన చట్టమే, ఆ పరిష్కారాన్ని స్త్రీకి వర్తింపజేయలేదు. రక్షణ పేరిట వచ్చిన ఈ నిబంధన నైపుణ్యం గల పనికి దారిని కూడా మూసింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అన్ని రకాల పనులలోనూ స్త్రీల నియామకానికి అర్హత కల్పించడంతో చట్టం దృక్పథం మారింది.

స్త్రీలు చేసిన మార్పు:
శ్రామిక స్త్రీలు మాత్రం చట్టం కోసం వేచి ఉండలేదు. కాసె పోసి చీర కట్టడం, కొంగును నడుముకు చెక్కడం పనికి అనువైన పాత పద్ధతులు. పత్తిచేలలో, భవన నిర్మాణంలో పనిచేసే స్త్రీలు ఎండ, దుమ్ము, గీరుడు నుండి కాపాడుకోవడానికి చీరపై పురుషుల పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం తెలంగాణ అంతటా కనిపించే దృశ్యం. పురుషుని వస్త్రాన్ని వారు అలంకారంగా కాక పనిముట్టుగా స్వీకరించారు.

ముగింపు:
గొల్లభామ చీర భద్రంగా దాచుకొనే వస్త్రం. చొక్కా చిరిగేదాకా వాడి పారవేసేది. అందుకే మొదటిది చరిత్రకు అందినంత సులభంగా రెండవది అందదు. కళాఖండాలను మాత్రమే ఆధారంగా గ్రహిస్తే, స్త్రీ పాత్ర పల్లెలోనే నిలిచిపోయినట్లు తోస్తుంది. పనిబట్టలను, కర్మాగారాల ఏకరూప దుస్తులను కూడా కాలం, పని వివరాలతో సేకరించినప్పుడే ఈ ప్రాంత స్త్రీల చరిత్ర సమగ్రమవుతుంది.