గడిలోని వాన

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సుదేశపు రణభూములలో క్షతగాత్రులను మోయు బండి నడుపుచు, తీరిక చిక్కినప్పుడెల్ల ఎండుగడ్డికుప్పయే బల్లగా లెక్కలు వేసికొనిన ల్యూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు, మధ్య ఐరోపా పటమును చదరంగపు బల్లవలె గడులుగా విభజించి, ఒక గడియందు వాయుభారమును, ప్రక్కగడియందు గాలి ద్రవ్యవేగమును నిలిపి, 1910 మే 20వ తేదీనాటి వాతావరణమును గణితముచే సాధింపబూనెను. ఆరు గంటలలో వాయుభారము 145 మిల్లీబారులు పెరుగునని లెక్క తేలెను. ఆనాడు నిజమునకు భారమితి ఇంచుమించు కదలనేలేదు. 1917లో షాంపేన్ యుద్ధమున తప్పిపోయిన ఆ వ్రాతప్రతి కొన్ని నెలలకు బెల్జియములో బొగ్గుకుప్ప క్రింద దొరకగా, ఆ మహనీయుడు తప్పిన లెక్కను దాచుకొనక, 1922లో గ్రంథముగా ప్రకటించెను. దోషము సూత్రములలో లేదనియు, మొదట గడులలో నింపిన అంకెలలో గాలికిని వాయుభారమునకును పొత్తు కుదరమియే దానికి మూలమనియు తరువాతివారు తేల్చిరి.

1950లో అమెరికాలో ఎనియాక్ అను గణనయంత్రముపై చార్నీ ప్రభృతి శాస్త్రజ్ఞులు, 24 గంటల వాతావరణమును ముందుగా లెక్కించుటకు ఇంచుమించు 24 గంటలు శ్రమించి, ఆ గడుల పద్ధతిని సార్థకము గావించిరి.

మన దేశపు వానకును నేడు ఆ గడులే కొలపాత్రలు. 1875లో స్థాపితమైన భారత వాతావరణ శాఖ, 1901 మొదలుకొని ఏనాటి వర్షమును ఆనాటికే పావు డిగ్రీ గడులలో కూర్చియుంచినది. తూర్పుపడమరలుగా 135, ఉత్తరదక్షిణములుగా 129, వెరసి దినమునకు 17,415 అంకెలు. ఏ అంకెపైనను ఊరిపేరుండదు. వరుసయే దాని చిరునామా. 6.5 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 66.5 డిగ్రీల తూర్పు రేఖాంశము గల నైరృతి మూలనుండి బయలుదేరి, ఆ వరుస తూర్పునకు సాగి, పిమ్మట ఉత్తరమునకు జరుగును.

ఆ మొదటి బిందువు నడిసముద్రము. అక్కడ కొలత లేదు గనుక, లేదనుటకు గుర్తుగా -999 అను అంకెను వ్రాసిరి. పటము గీయు సాఫ్ట్‌వేర్‌కు ఈ సంకేతమును ముందుగా తెలుపనిచో, అది దానిని నిజమైన వర్షపాతముగా నెంచి, రంగులమెట్లను అంతదూరము సాగదీయును. అంతట చినుకునకును కుంభవృష్టికిని భేదము లేక, దేశమంతయు ఒక్క రంగున మునుగును. వరుసను ఉత్తరమునుండి చదివినచో పటము తలక్రిందులగును: విశాఖపట్టణమున కురిసిన వాన నేపాళపుటెల్లలచెంతను, కేరళపు వాన కాశ్మీరమునకావలి హిమశిఖరములపైనను కురిసినట్లు కానవచ్చును. ఇట్టి పటమున ఒక్క అంకెయు తప్పు కాదు. తప్పినదెల్ల దాని చోటు మాత్రమే.

కావున పటము వింతగా తోచినప్పుడు రంగులు మార్చుటకు గాని, కొలిచినవారిని శంకించుటకు గాని తొందరపడకుడు. మొదటి అంకె ఏ మూలది, లేని కొలతకు గుర్తేది అను రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానము రాబట్టుడు.