వందన సమర్పణ

మా సెమినార్లలో ఓ ఆనవాయితీ వుంది. కీలకోపన్యాసం ఎవరు చేసినా, చివర్లో వందన సమర్పణ మాత్రం ఆడవాళ్ళకే అప్పగిస్తారు. ఓసారి నా వంతొచ్చింది. అతిథులకూ, వంటవాళ్ళకూ కృతజ్ఞతలు చెప్పి, రెండ్రోజుల వక్తల్లో ఒక్క స్త్రీ కూడా లేదన్న మాట ఒకటి కలిపాను. వేదిక దిగుతుంటే ఒక పెద్దాయన నవ్వుతూనే అన్నారు, ‘‘థాంక్స్ చెప్పమంటే రాజకీయాలెందుకమ్మా?’’

ఆ రాత్రి 1973 ఆస్కార్ వేడుక రికార్డింగు మళ్ళీ చూశాను.

మార్చి 27. ‘గాడ్‌ఫాదర్’కి ఉత్తమ నటుడు మార్లన్ బ్రాండో అని ప్రకటించగానే వేదిక మీదికొచ్చింది ఆయన కాదు, 26 ఏళ్ళ సషీన్ లిటిల్‌ఫెదర్. అందించబోయిన ప్రతిమని అరచెయ్యి అడ్డుపెట్టి వద్దంది. బ్రాండో రాసిచ్చిన పెద్ద ప్రసంగం చేతిలో వుంది. కానీ అరవై సెకన్లు దాటకూడదని నిర్మాత హెచ్చరించడంతో తన మాటల్లోనే చెప్పింది: సినిమాలు, టీవీ ఆదివాసీలను చూపిస్తున్న తీరుకీ, ఊండెడ్ నీలో జరుగుతున్నదానికీ నిరసనగా ఈ తిరస్కారమని. 1890లో అమెరికా సైన్యం లకోటాలను ఊచకోత కోసిన చోటది. అక్కడ ఉద్యమకారులు అప్పటికి నెలరోజులుగా ఫెడరల్ బలగాల ముట్టడిలో వున్నారు. హాల్లో చప్పట్లతోపాటు అరుపులూ వినిపించాయి. మీ సాయంత్రానికి అడ్డు తగల్లేదనే ఆశిస్తున్నానని ఆమె ప్రాధేయపడింది. నిరసన చెప్తూ కూడా క్షమాపణ అడగాల్సి రావడం మనకి కొత్తేం కాదు.

కాసేపటికి అదే వేదిక మీద, జాన్ ఫోర్డ్ సినిమాల్లో చనిపోయిన కౌబాయ్‌ల తరఫున కూడా అవార్డివ్వాలేమోనని క్లింట్ ఈస్ట్‌వుడ్ జోకేశాడు. అది మాత్రం హాస్యం!

1940 ఫిబ్రవరి 29న హాటీ మెక్‌డానియల్ కృతజ్ఞతలే చెప్పింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. సహనటులకి దూరంగా, గోడవారనున్న చిన్న బల్ల దగ్గర కూచోబెట్టారామెను. ఆ రాత్రి ఎవరూ రాజకీయం మాట్లాడనక్కర్లేదు, బల్లలు వేసిన తీరులోనే వుంది. 1978లో పాలస్తీనా పక్షాన నిలిచిన వనెస్సా రెడ్‌గ్రేవ్, తన ప్రసంగంలో యూదు వ్యతిరేకతనీ ఫాసిజాన్నీ ఎదిరిస్తానన్నది కూడా. ‘‘జయోనిస్టు రౌడీలు’’ అన్న ఒక్కమాటే మిగిలింది. తర్వాత వేదికెక్కిన రచయిత పాడీ చయెఫ్‌స్కీ, థాంక్యూ అంటే సరిపోయేదని పాఠం చెప్పి చప్పట్లందుకున్నాడు.

ఇంతవరకూ నా వాదనకి అన్నీ కలిసొచ్చాయి. కానీ లిటిల్‌ఫెదర్ కథ అక్కడాగదు. తర్వాత తనకి సినిమాల్లో అవకాశాలు లేకుండా పోయాయని ఆమె చెప్పుకుంది. 2022లో అకాడమీ క్షమాపణ చెప్పింది. ఆ అక్టోబర్ 2న ఆమె చనిపోయింది. అదే నెలలో, మా కుటుంబానికి ఆదివాసీ మూలాలే లేవని ఆమె సోదరీమణులు ప్రకటించారు. చాలారోజులు నాకిది మింగుడుపడలేదు. ఊండెడ్ నీలో పోరాటానికి పూనుకోమని పట్టుబట్టిన ఓగ్లాలా స్త్రీలు ఎలెన్ మూవ్స్ క్యాంప్, గ్లాడిస్ బిసొనెట్‌ల పేర్లు నాకెందుకు ఇంత ఆలస్యంగా తెలిశాయి? ఎవరి తరఫున ఎవరు మాట్లాడాలో నిర్ణయించింది ఒక హీరో అన్నది నేను మొదట్లో చూడనేలేదు.

అయితే 1973లో అరిచిన వాళ్ళకి ఆమె పుట్టుక గురించిన ఈ సందేహం లేదు. వాళ్ళు అరిచింది ఆమె చెప్పిన మాట మీద. ‘రాజకీయం’ అన్నది ఆ హాల్లో విషయాన్ని బట్టి పడే పేరు కాదు. ఎవరు, ఎవరి సుఖానికి అడ్డొచ్చి మాట్లాడారన్నదాన్ని బట్టి పడే పేరు.

ఈ మధ్య మరో సెమినార్ ఆహ్వానపత్రిక వచ్చింది. వందన సమర్పణ దగ్గర నా పేరుంది. నేను పత్రం చదువుతాననీ, వందన సమర్పణకి మగ అధ్యాపకుల్లో ఎవరినైనా చూడమనీ జవాబు రాశాను.