శేషాచలం కొండల మూలికా వైద్యం

శేషాచలం కొండల్లోని చెట్టుచేమలతో రోగాలు నయం చేయడం, ఒంట్లోని దోషాలను బయటికి పంపడం తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పాత అలవాటు. ఈ విద్య మూడు వర్గాల చేతుల్లో నిలిచింది: అడవినే నమ్ముకున్న యానాది, ఎరుకల, సుగాలీ తెగలు, ఊళ్లలో తరతరాలుగా మందు ఇస్తూ వచ్చిన వైద్య కుటుంబాలు, 20వ శతాబ్దం రెండో సగం నుంచి తిరుపతిలోని విద్యాసంస్థలు. ఇక్కడ చెప్పే ప్రాంతం 2022 ఏప్రిల్ 4కు ముందున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా.

కొండలు, చెట్లు

తూర్పు కనుమల దక్షిణ భాగమైన శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 4,755 చదరపు కిలోమీటర్లు. వాన తక్కువ, రాయి ఎక్కువ, ఎండ తీవ్రం. అయినా మరెక్కడా పెరగని మొక్కలు ఈ నేలలో ఉన్నాయి. ఎర్రచందనం, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, జాలారి, మొగి ఈ దక్షిణ కనుమల సొత్తు. కొండ కొత్తిమీరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే తిరుపతి ఉంది: పింపినెల్లా తిరుపతియెన్సిస్. ఈ మొక్క తిరుమల కొండలు దాటి దాదాపు కనిపించదు.

వీటిలో ఎక్కువ పేరు ఎర్రచందనానిదే. దాని చేవను సానమీద అరగదీసి వాపులకు, సెగ్గడ్డలకు, తలనొప్పికి పట్టు వేయడం ఇంటింటి వైద్యం. ఎర్రచందనం, వేగిస చెక్కలతో చేసిన గ్లాసుల్లో రాత్రంతా నీళ్లు ఉంచి, ఉదయాన్నే మధుమేహులు తాగే అలవాటు ఇప్పటికీ ఉంది. తిరుపతిలో అమ్మే మరపాచి బొమ్మలకూ ఒకప్పుడు ఎర్రచందనమే వాడేవారు. పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా మేలే జరుగుతుందని తల్లుల నమ్మకం.

తొలి ఆధారాలు

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత చికిత్సను రెండుగా చెబుతుంది. దోషాన్ని బయటికి తోసేది శోధనం, ఉన్నచోటనే అణచేది శమనం. శోధనలో వమనం, విరేచనం, రెండు రకాల వస్తి, నస్యం కలిపి పంచకర్మ అన్నారు. వాంతి చేయించడానికి మంగకాయ, సుఖంగా విరేచనమయ్యేందుకు తెగడ వేరు శ్రేష్ఠమని ఆ గ్రంథం చెబుతుంది. మందునే ముందు శుద్ధి చేయడమూ ఈ శాస్త్రంలో భాగమే. నాభి వంటి విష మూలికలను పాలలోనో గోమూత్రంలోనో ఉడికించి, విషం విరిచాకే వాడతారు.

దక్షిణదేశపు శాసనాల్లో వైద్యశాలల ప్రస్తావన ఉంది. చోళరాజు వీరరాజేంద్రుని కాలపు తిరుముక్కూడల్ శాసనం 15 మంచాల ఆతులశాలను, అందులో నిల్వ ఉంచే మందులను పేర్కొంటుంది. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనంలో (1261) ఆరోగ్యశాల, ప్రసూతిశాల కనిపిస్తాయి. తెలుగు వైద్యులు చేతిపుస్తకంగా వాడుకున్నది సంస్కృతం, తెలుగు కలగలిసిన బసవరాజీయం. చంద్రగిరి విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న కాలమంతా ఈ గ్రంథవైద్యం, అడవివైద్యం పక్కపక్కనే సాగాయి.

శుద్ధికి మూలికలు వాడటం గుడిలోనూ ఉంది. తిరుమల ఆలయంలో ఏడాదికి నాలుగుసార్లు, ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారాల్లో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. గర్భాలయం మొదలు గోడలు, పైకప్పు, పూజా సామగ్రి అన్నీ కడిగాక నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచీలీగడ్డ కలిపిన పరిమళ జలం చల్లుతారు. వీటిలో చాలావరకు వైద్యుని పెట్టెలోనూ ఉండే సరుకులే.

మద్రాసు కాలం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడింది. అంతకుముందే అటవీ అధికారి ఆర్. హెచ్. బెడ్డోమ్ ఈ అడవుల చెట్లను నమోదు చేశాడు. ఇక్కడి పేరితకు (సైకస్ బెడ్డోమియై) ఆయన పేరే పెట్టారు. బ్రిటిష్ ఫార్మకోపియా ఎర్రచందనాన్ని గుర్తించింది, అయితే మందుగా కాదు, లావెండర్ టింక్చర్‌కు ఎరుపు తెచ్చే రంగుగా. మద్రాసు ప్రభుత్వం 1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యాలపై సంఘం వేసింది. 1923లో వచ్చిన దాని నివేదిక ఆయుర్వేద, సిద్ధ, యునాని వైద్యాలకు విద్యాలయాలు ఉండాలన్న వాదానికి బలమిచ్చింది.

పుత్తూరు కట్టు

జిల్లా ఎల్లలు దాటి పేరు పొందిన వైద్యం పుత్తూరు కట్టు. పుత్తూరు దగ్గరి రాచపాళెం రాజుల కుటుంబం 19వ శతాబ్దం చివరి నుంచీ విరిగిన ఎముకలకు కట్టు కడుతోంది. ఎముకను చేతితో సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలతో బిగిస్తారు. తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. గాయమై ఎముక బయటికి వచ్చిన విరుగుళ్లకు, వెన్నుపూస దెబ్బలకు మాత్రం శస్త్రచికిత్సే మార్గం. ఎముకకు బలమని నల్లేరు కాడల పచ్చడి తినే అలవాటు ఈ సీమ ఇళ్లలో విడిగా ఉంది.

ఇంటి శుద్ధి

ఏటా ఒకటి రెండుసార్లు పిల్లలకు ఆముదం తాగించడం, రాత్రి కరక్కాయ పొడి వేసుకోవడం, బాలింతలకు వావిలాకు కాచిన నీళ్లు పోసి శొంఠి కాయం పెట్టడం ఇళ్లలో కడుపు, ఒళ్లు శుభ్రం చేసుకునే పద్ధతులు. పసిరికలకు నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేవారు. జ్వరం, కాలేయ బాధలకు నేలవేము కషాయం ఇచ్చేవారు. దాని చేదును మించినది అడవిలో అరుదు. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు చక్కెర తీపి తెలియదు. అందుకే దానిని మధుమేహానికి వాడారు.

విశ్వవిద్యాలయ కాలం

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడటంతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. నోటిమాటగా ఉన్నది కాగితం మీదికి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1983లో శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలను నెలకొల్పింది. నరసింగాపురంలో దేవస్థానం ఆయుర్వేద ఫార్మసీ పనిచేస్తోంది.

ఈ కాలపు అత్యంత విలువైన కృషి అడవిజనం దగ్గర కూర్చుని వారి వైద్యాన్ని రాసిపెట్టడం. తిరుపతిలోని హెర్బల్ ఫోక్‌లోర్ రీసెర్చ్ సెంటర్‌కు చెందిన ఎస్. వేదవతి, వి. మృదుల, ఎ. సుధాకర్ 1997లో చిత్తూరు జిల్లా గిరిజన వైద్యంపై ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. ఏ తెగ, ఏ మొక్క, ఏ భాగం, ఏ రోగానికి అన్న వివరాలతో వచ్చిన ఆ పుస్తకం లేకపోతే ఎంతో తెలివిడి ముసలివాళ్లతోనే పోయేది. కె. మాధవశెట్టి, కె. శివాజీ, కె. తులసీరావు 2008లో జిల్లా పుష్పించే మొక్కల గ్రంథం ప్రచురించారు. దేశంలో మూలికలపై జరిగిన ఎన్నో పరిశోధనా పత్రాల్లో, మొక్కను గుర్తించి ధ్రువీకరించినవారుగా మాధవశెట్టి పేరు కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయ జీవరసాయన విభాగంలో సి. అప్పారావు బృందం స్థానిక మందుచెట్లను ఎలుకలపై పరీక్షించింది. మధుమేహం కలిగించిన జంతువుల్లో రక్తంలోని చక్కెరపై కాసరకాయ ప్రభావాన్ని 1999లో, ఎర్రచందనం బెరడు, మొగి గింజల ప్రభావాన్ని 2001లో ప్రచురించింది. చక్కెర తగ్గిందని ఆ ఫలితాలు చూపాయి. ఎలుకల్లో కనిపించిన మేలు మనుషుల్లోనూ ఉంటుందని చెప్పాలంటే మనుషులపై పరీక్షలు కావాలి. చెక్క గ్లాసుల అమ్మకం వాటి కోసం ఆగలేదు.

రుజువుల పరీక్ష

నేల ఉసిరి కథ ప్రపంచానికి తెలిసింది. 1988లో మద్రాసు పరిశోధకుడు ఎస్. పి. త్యాగరాజన్, నోబెల్ బహుమతి గ్రహీత బరూక్ బ్లూంబర్గ్ తదితరులు లాన్సెట్ పత్రికలో రాసిన ప్రకారం, హెపటైటిస్ బి వైరస్ మోస్తున్న 37 మందికి ఈ మొక్క పొడి ఇస్తే 22 మందిలో వైరస్ ఉపరితల యాంటిజెన్ మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు.

ఇప్పుడు పట్నాల దుకాణాల్లో డిటాక్స్ పేరుతో పొడులు, రసాలు అమ్ముతున్నారు. విషాలను విరిచి పంపేది కాలేయం, మూత్రపిండాలు. ఆ పనిని పొడులు ఇంకా బాగా చేయిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. ఇంటర్నెట్‌లో అమ్మిన 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే సుమారు 21 శాతంలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2008లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. కోవిడ్ కాలంలో తిప్పతీగ ఎక్కువగా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ దానిని ఒప్పుకోలేదు.

అదే ఏడాది మే నెలలో పక్క జిల్లా నెల్లూరులోని కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇచ్చిన మూలికా మందు కోసం వేలమంది బారులు తీరారు. మందు వాడినవారి వివరాల సేకరణలో తిరుపతి ఆయుర్వేద కళాశాల కూడా పాల్గొంది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనబెట్టి, మిగతా మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. కోవిడ్‌ను నయం చేస్తుందన్న ముద్ర మాత్రం దానికి వేయలేదు.

అడవి తరుగు

వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995లో చేరింది. పేరిత అంతకంటే కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. దాని మగ శంకువులను బలపు మందుగా కోసి అమ్మడం వల్ల చెట్టుకు విత్తనం పట్టే అవకాశం తగ్గింది. అటవీశాఖ తలకోనలో ఔషధ మొక్కల సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది.

ఎర్రచందనం దొంగరవాణాకు పత్రికల్లో చోటు దొరికింది. నన్నారికి దొరకలేదు. మారేడు గడ్డలని పిలిచే డెకాలెపిస్ హామిల్టోనియై వేర్లనే వేసవి నన్నారి షర్బత్‌కు, ఊరగాయకు తవ్వుతారు. పైత్యం, ఒంటివేడి తగ్గిస్తుందని దానికి పేరు. వేరు తీస్తే తీగ చచ్చిపోతుంది. రాళ్ల సందుల్లో పాకి పెరిగే ఈ తీగ అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. వేరులో కొంత వదిలి పూడ్చడం, విత్తనం రాలాకే తవ్వడం, పొలాల్లో నాటడం వంటి మార్గాలున్నాయి. అయినా బజారుకు చేరే నన్నారి వేరులో ఎక్కువ భాగం ఇప్పటికీ అడవి నుంచే వస్తోంది.