ఎకోస్: పింక్ ఫ్లాయిడ్ తన పాటలను విడదీసి మళ్లీ కూర్చిన తీరు

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఎంపిక చేసిన పాటల సంకలనం ‘ఎకోస్: ద బెస్ట్ ఆఫ్ పింక్ ఫ్లాయిడ్’. 2001 నవంబరులో విడుదలైంది. రెండు సీడీలు, ఒక్కోదానిలో 13 చొప్పున 26 పాటలు, మొత్తం దాదాపు 155 నిమిషాల సంగీతం. 1967 నాటి తొలి పాట నుంచి 1994 నాటి ‘ద డివిజన్ బెల్’ ఆల్బమ్ దాకా 27 ఏళ్ల పని ఇందులో ఉంది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఆల్బమ్‌ల జాబితాలో రెండో స్థానానికి చేరింది.

హిట్ పాటలను ఏరి ఒకచోట చేర్చి అమ్మడం రికార్డు కంపెనీలకు పాత అలవాటే. అమెరికాలో అమ్మకాలకు ఇచ్చే ప్లాటినం గుర్తింపును 1976లో మొట్టమొదట అందుకున్నది ఈగిల్స్ బృందం హిట్ పాటల సంకలనమే. కానీ పింక్ ఫ్లాయిడ్ విషయంలో ఒక చిక్కు ఉంది. ఈ బృందం పాటలు రాసి ఆల్బమ్‌లో పేర్చింది తక్కువ, ఆల్బమ్‌నే ఒక పెద్ద పాటగా కట్టింది ఎక్కువ. అలాంటి రచన నుంచి ముక్కలు తీస్తే ఏం మిగులుతుంది? తీసే హక్కు ఎవరిది? ‘ఎకోస్’ ఈ ప్రశ్నలకు ఒక జవాబు ఇచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత అవే ప్రశ్నలు లండన్ హైకోర్టు దాకా వెళ్లాయి.

‘ప్రోగ్రెసివ్’ అంటే ఇక్కడ వేరే అర్థం

ప్రోగ్రెసివ్ అనగానే తెలుగు పాఠకుడికి అభ్యుదయ సాహిత్యం, 1943లో తెనాలి సభతో మొదలైన అరసం గుర్తుకొస్తాయి. ప్రోగ్రెసివ్ రాక్‌లోని మాటకు ఆ రాజకీయార్థం లేదు. మూడు నిమిషాల ప్రేమపాట చట్రాన్ని దాటి రాక్ సంగీతాన్ని ముందుకు తీసుకెళ్లడం అని అక్కడి భావం. 1960ల చివర బ్రిటన్‌లో ఇది రూపు కట్టింది. సింఫనీ తరహా నిర్మాణం, జాజ్ నుంచి తెచ్చుకున్న విస్తరణ, మామూలు నాలుగు లెక్కలకు లొంగని తాళాలు, కథలా సాగే సాహిత్యం దీని గుర్తులు. పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాట ప్రధాన భాగం ఏడు లెక్కల్లో నడుస్తుంది. మిశ్ర చాపు అలవాటున్న చెవికి ఆ నడక కొత్తగా అనిపించదు. పాశ్చాత్య పాప్ శ్రోతకు మాత్రం అది అరుదైన అనుభవం.

ఈ సంగీతానికి దారి వేసింది ఎల్పీ రికార్డు. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. ఎల్పీ ఒక వైపు 20 నిమిషాలు దాటి పట్టింది. ఆ జాగాను ప్రోగ్రెసివ్ బృందాలు పూర్తిగా వాడుకున్నాయి. జెథ్రో టల్ 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ పేరుతో రెండు వైపులా కలిపి ఒకే పాట ఇచ్చింది. అదే ఏడాది జెనెసిస్ ‘సప్పర్స్ రెడీ’, యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఒక్కొక్కటీ ఎల్పీలో దాదాపు ఒక వైపును ఆక్రమించాయి. పింక్ ఫ్లాయిడ్ 1971 ఆల్బమ్ ‘మెడిల్’ రెండో వైపంతా ఒకే రచన. దాని పేరు ‘ఎకోస్’, నిడివి 23 నిమిషాల 31 సెకన్లు. 2001 సంకలనం పేరు అక్కడి నుంచి వచ్చిందే.

విడిపాటలపై ఈ బృందానికి ఆసక్తి ఎంత తక్కువో ఒక్క వివరం చాలు. 1968 డిసెంబరు తర్వాత బ్రిటన్‌లో వాళ్లు మరో సింగిల్ విడుదల చేసింది 1979లోనే. పదకొండేళ్ల విరామం తర్వాత వచ్చిన ఆ సింగిల్, ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ రెండో భాగం, మొదటి స్థానానికి ఎక్కింది.

‘ఎకోస్’కు ముందు

పింక్ ఫ్లాయిడ్ పాటలతో అంతకుముందూ సంకలనాలు వచ్చాయి. 1971 నాటి ‘రెలిక్స్’ తొలినాటి సింగిల్స్‌ను, ఇతర పాటలను ఒకచోట చేర్చింది. దాని అట్టమీది బొమ్మ గీసింది బృందం డ్రమ్మర్ నిక్ మేసన్.

1981లో వచ్చిన సంకలనం పేరే ఒక ఎకసెక్కెం: ‘ఎ కలెక్షన్ ఆఫ్ గ్రేట్ డాన్స్ సాంగ్స్’. నృత్యానికి ఏమాత్రం పనికిరాని పాటలకు ఆ పేరు. అందులోని ‘మనీ’ అసలు రికార్డింగ్ కాదు. అమెరికాలో ఆ పాట హక్కులున్న క్యాపిటల్ కంపెనీ, కొత్త కంపెనీ కొలంబియాకు దాన్ని ఇవ్వడానికి ఒప్పుకోలేదు. దాంతో గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వాద్యాలు దాదాపు అన్నీ తానే వాయించి పాటను మళ్లీ రికార్డు చేశారు. శాక్సోఫోన్‌కు మాత్రం మొదటిసారి వాయించిన డిక్ ప్యారీనే పిలిచారు. సంకలనం అన్నది సంగీతానికి సంబంధించిన నిర్ణయం ఎంతో, హక్కుల కాగితాలకు సంబంధించిన వ్యవహారం కూడా అంతే అని ఈ ఉదంతం చెబుతుంది.

వరుసలోనే అర్థం

2001 నాటికి పింక్ ఫ్లాయిడ్ కలిసి పనిచేస్తున్న బృందం కాదు. ప్రధాన గీత రచయిత రోజర్ వాటర్స్ 1985లో బయటికి వచ్చి, బృందం పేరు వాడకంపై మిగతావారితో న్యాయపోరాటం చేశారు. అయినా ‘ఎకోస్’ పాటల ఎంపికలో వాటర్స్, గిల్మర్, మేసన్, కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ నలుగురికీ భాగం ఉంది. కూర్పు పని ‘ద వాల్’ కాలం నుంచి వారితో ఉన్న ఇంజినీర్ జేమ్స్ గత్రీది. అట్టమీద కిటికీలోంచి కిటికీలోకి తెరుచుకునే దృశ్యం స్టార్మ్ థోర్గర్సన్ బృందం రూపకల్పన. పాత ఆల్బమ్‌ల అట్టల ఆనవాళ్లు అందులో కనిపిస్తాయి.

సంకలనాలు సాధారణంగా కాలక్రమంలో ఉంటాయి, లేదా పెద్ద హిట్‌తో మొదలవుతాయి. ‘ఎకోస్’ రెండూ పాటించలేదు. పాటల మధ్య ఖాళీ ఉంచకుండా ఒకదాని చివర మరొకదాని మొదట్లో కరిగేలా కలిపారు. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌లో ‘టైమ్’, ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’, ‘మనీ’, ‘అస్ అండ్ దెమ్’ వరుసగా వచ్చే నాలుగు పాటలు. ఇక్కడ రెండు మొదటి సీడీలో, రెండు రెండో సీడీలో, ఒకదానికొకటి తగలకుండా చెదిరిపోయి ఉంటాయి. పాత పొరుగు పోయింది, కొత్త పొరుగు వచ్చింది.

ఆ కొత్త పొరుగు యాదృచ్ఛికం కాదని రెండో సీడీ చివరి భాగం చూస్తే తెలుస్తుంది. 1967లో వచ్చిన తొలి సింగిల్ ‘ఆర్నాల్డ్ లేన్’ రాసి పాడింది బృందం మొదటి నాయకుడు సిడ్ బారెట్. మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో ఆయన బృందానికి దూరమయ్యారు. ఆ పాట పక్కనే, ఆయన లేని లోటు నీడ పడిన 1975 నాటి ‘విష్ యు వర్ హియర్’ను పెట్టారు. దాని తర్వాత ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’, బృందం ఆల్బమ్‌లలో బారెట్ చివరి రచన. రాక, లేమి, వీడ్కోలు మూడు పాటల్లో వరుసగా వినిపిస్తాయి. ఆ సీడీ మొదలయ్యేది బారెట్‌ను తలచుకునే ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’తో, ముగిసేది ఆయన సరదాగా రాసిన ‘బైక్’తో. విడి ఆల్బమ్‌లలో దొరకని కథ ఇది. కూర్పు వల్ల పుట్టింది.

కత్తెర పడిన చోట్లు

లాభం ఉన్నచోట నష్టమూ ఉంది. సంకలనానికి పేరిచ్చిన ‘ఎకోస్’నే దాదాపు ఏడు నిమిషాలు కుదించారు. ‘మరూన్డ్’ అనే వాద్య రచన అయిదున్నర నిమిషాల నుంచి రెండు నిమిషాలకు తగ్గింది.

అన్నిటికంటే పెద్ద మార్పు ‘షైన్ ఆన్’కు జరిగింది. ఇది తొమ్మిది భాగాల రచన. అసలు ఆల్బమ్‌లో మొదటి అయిదు భాగాలు ప్రారంభంలో, మిగతా నాలుగు ముగింపులో ఉంటాయి. నడుమ మూడు పాటలు. ఇంటికి ముందు వాకిలి, వెనుక వాకిలి ఉన్నట్టు ఆ ఆల్బమ్ కట్టుబడి అంతా ఈ రెండు సగాల మీదే నిలబడింది. సంకలనంలో మొదటి ఏడు భాగాలను కుదించి ఏకంగా కలిపేశారు. వినడానికి అతుకు తెలియదు. కానీ వెళ్లిన దారిన తిరిగి వచ్చామన్న అనుభూతి పోయింది.

అసలు చోటే దక్కనివీ ఉన్నాయి. బ్రిటన్‌లో వారికి తొలిసారి మొదటి స్థానం తెచ్చిన ‘ఆటమ్ హార్ట్ మదర్’ నుంచి ఒక్క పాటా లేదు. ‘మోర్’, ‘ఉమ్మగుమ్మ’, ‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ ఆల్బమ్‌లదీ అదే పరిస్థితి. బదులుగా ఒక అరుదైన పాట చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో ఇటలీలోని అంజియో దగ్గర మరణించిన తన తండ్రిపై వాటర్స్ రాసిన ‘వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ 1982లో సింగిల్‌గా వచ్చింది. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ఒకదానిలో అది చోటు చేసుకోవడం ఇదే మొదలు.

తెలుగు శ్రోతకు ఈ లాభనష్టాలు తెలియనివి కావు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు గ్రామఫోన్ ప్లేట్ల మీద ఊరూరా మోగాయి. నాటకం మొత్తం ఎన్నడూ చూడనివారికి కూడా అవి కంఠస్థమయ్యాయి. పద్యం బతికింది. రాయబారం ఎందుకు వచ్చింది, ఆ పద్యానికి ముందు ఎదుటివాడు ఏమన్నాడు అనేది ప్లేటు మీద లేదు. తేడా ఏమిటంటే, ఆ పద్యాలను ఏరింది కంపెనీలూ గాయకులూ. ‘ఎకోస్’లో ఆ పని రచయితల చేతుల్లోనే ఉంది.

బారెట్ వాటా

ఈ ఎంపికకు డబ్బు కోణమూ ఉంది. 26 పాటల్లో అయిదు బారెట్ రచనలే: ‘ఆస్ట్రానమీ డామినే’, ‘సీ ఎమిలీ ప్లే’, ‘ఆర్నాల్డ్ లేన్’, ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’, ‘బైక్’. బృందంలో ఆయన పనిచేసింది మూడేళ్ల పైచిలుకు మాత్రమే. అయినా సంకలనంలో దాదాపు అయిదో వంతు ఆయనదే. 1970లో రెండు సొంత ఆల్బమ్‌ల తర్వాత బారెట్ సంగీతం వదిలి కేంబ్రిడ్జ్‌లో ఒంటరిగా జీవించారు, 2006 జులైలో మరణించారు. పాట రాసినవారికి ప్రతి అమ్మకంపైనా రాయల్టీ వస్తుంది కాబట్టి లక్షల్లో అమ్ముడైన ‘ఎకోస్’ ఆయనకు ఆదాయమైంది. ఆయనకు రావలసిన డబ్బు సక్రమంగా అందేలా గిల్మర్ శ్రద్ధ తీసుకున్నారు.

కోర్టుకెక్కిన ఆల్బమ్

2003లో ఐట్యూన్స్ దుకాణం తెరుచుకున్నాక ఏ ఆల్బమ్ నుంచైనా ఒక్క పాట కొనుక్కునే వీలు కలిగింది. పింక్ ఫ్లాయిడ్ తన రికార్డు కంపెనీ ఈఎంఐపై కేసు వేసింది. తమ అనుమతి లేకుండా ఆల్బమ్‌లను విడదీసి అమ్మకూడదని 1990ల చివరి ఒప్పందంలో షరతు ఉందని వాదించింది. ఆ షరతు సీడీల వంటి వస్తువులకే గానీ ఇంటర్నెట్ అమ్మకాలకు వర్తించదన్నది కంపెనీ వాదన. 2010 మార్చి 11న న్యాయమూర్తి ఆండ్రూ మోరిట్ బృందం పక్షాన తీర్పు చెప్పారు. ఆల్బమ్‌ల కళాత్మక సమగ్రతను కాపాడటమే ఆ షరతు ఉద్దేశమని, అది డిజిటల్ అమ్మకాలకూ వర్తిస్తుందని తేల్చారు. ఆ ఏడాది చివర అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది.

సంకలనం వేసుకున్నవారే విడిపాటల అమ్మకాన్ని అడ్డుకోవడం పైకి వైరుధ్యంలా కనిపిస్తుంది. నిజానికి రెండుచోట్లా వారి వాదన ఒక్కటే. విడదీయకూడదని కాదు, విడదీస్తే మళ్లీ కూర్చే బాధ్యత తమదేనని. అయితే మార్కెట్ ఒత్తిడి ముందు ఆ పట్టు ఎక్కువ కాలం నిలవలేదు. 2011 జనవరిలో కుదిరిన కొత్త ఒప్పందంతో విడిపాటలూ అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది ‘ఎ ఫుట్ ఇన్ ద డోర్’ పేరుతో ఒకే సీడీ సంకలనం వెలువడింది. 2024లో బృందం రికార్డింగ్ హక్కులను సోనీ సంస్థ కొనుగోలు చేసింది. స్ట్రీమింగ్ యాప్‌లలో ఇప్పుడు ప్రతి శ్రోతా తన సొంత సంకలనకర్తే.

కొత్త శ్రోతకు

పింక్ ఫ్లాయిడ్‌ను మొదటిసారి వినేవారికి ‘ఎకోస్’ మంచి ప్రవేశ ద్వారం. వినేటప్పుడు షఫుల్ ఆపేయాలి, లేకుంటే గత్రీ వేసిన అతుకులన్నీ తెగిపోతాయి. ఆ తర్వాత చేయవలసింది పోల్చి చూడటం. ‘మెడిల్’ రెండో వైపు మొత్తంగా, ‘విష్ యు వర్ హియర్’ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన వినాలి. సంకలనంలో కుదించిన చోట్లు అప్పుడు వాటంతట అవే చెవికి తెలుస్తాయి. ఏ ఏడు నిమిషాలు పోయాయో తెలిసిన శ్రోతకు, మిగిలిన పదహారు నిమిషాలూ మరింత బాగా వినిపిస్తాయి.