కాకినాడ అఖాతం – అలలు కట్టిన గోడ

సముద్రమెరుగని మా బేగంపేటలో కూర్చుని అలల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. కాని మన దేశపు తీరాలలో రేపటి అల ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ 1999లో నెలకొన్నది ఈ హైదరాబాదులోనే.

అలకు తల్లి గాలి. గాలి వేగము, అది వీచిన కాలము, నీటిపై అడ్డులేక సాగిన దూరము – ఈ మూడింటిని బట్టి అల పెరుగుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యాలను ఒడ్డుకు దించవలసి వచ్చినప్పుడు స్వెర్‌డ్రుప్, మంక్ అనే శాస్త్రజ్ఞులు దీనిని గణితానికి లొంగదీశారు. వారి గ్రంథం 1947లో వెలువడింది.

మన కాకినాడ అఖాతం ఈ శాస్త్రానికి చక్కని ఉదాహరణ. దానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బ ఉన్నది. గోదావరి తెచ్చిన ఇసుకను నైరుతి ఋతుపవనకాలపు అలలు ఉత్తరానికి నెట్టగా, గత రెండు శతాబ్దాలలో అది పెరిగింది. ఆ పెరుగుదలకు కారణాలను ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన మహదేవన్, ప్రసాదరావులు 1958లో పరిశీలించారు. అలలు తమ దారికి తామే గోడ కట్టుకున్నాయన్నమాట!

సముద్రంలో తేలే బోయా తన ఎగుడుదిగుడు కదలికలను నమోదు చేస్తుంది. వాటిలో పెద్దవైన మూడవవంతు అలల సగటు ఎత్తునే ప్రమాణంగా గ్రహిస్తారు. అయితే దిబ్బకు వెలుపలి కొలత లోపలి నీటికి చెల్లదు. లోపల గాలి సాగే దూరం తక్కువ, లోతూ తక్కువ. అందుచేత అలలు పొట్టివి, కాని నిటారుగా, వెంటవెంటనే వచ్చి చిన్న నావను కుదిపివేస్తాయి. అందుకే లోపలికి వేరే లెక్క కావాలి. అందులో అడుగులోతులను, దిబ్బ ఆకారాన్ని సన్నని గళ్ళుగా పొందుపరచాలి.

1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ధ్వంసం చేసింది. అప్పటికి దిబ్బ ఇంతగా ఎదగలేదు. ఇప్పుడు గోడ ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. గోడ ఆపేది అలను. ఉప్పెన నీటిమట్టాన్నే పైకెత్తుతుంది. లోతు పెరిగితే, ఆ లోతు తక్కువతనమే ఇన్నాళ్ళు అణచి ఉంచిన అలలు కూడా పెరుగుతాయి. కనుక గాలిని, అలను, ఉప్పెనను విడివిడిగా కాక కలిపి లెక్కించినప్పుడే ఆ ఒడ్డున బ్రతికే పల్లెకారులకు నమ్మదగిన హెచ్చరిక అందుతుంది.